ఈడిత్ అనే పేరు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిష్ పేర్ల గురించి రాసేటప్పుడు అర్థం చెప్పి ఊరుకోకుండా, ఆ పేరు ధరించినవారినీ పరిచయం చేయవలసిందిగా కోరుతున్నాను. ప్రాచీన ఆంగ్లంలో ‘సంపద’, ‘యుద్ధం’ అనే అర్థాలిచ్చే రెండు మాటలు కలిసి ఏర్పడిన ఈడిత్ అనే పేరు, 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన తర్వాత ఎన్నో ఆంగ్లో-శాక్సన్ పేర్లు మరుగున పడినా నిలిచింది. 1921లో నవలకు పులిట్జర్ బహుమతి పొందిన తొలి మహిళ ఈడిత్ వార్టన్ ప్రసిద్ధురాలే. అయితే నా దృష్టిలో అంతకంటే పూజ్యురాలు ఈడిత్ కావెల్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణలోని బ్రస్సెల్స్‌లో ఇరుపక్షాల క్షతగాత్రులకూ సేవ చేసి, సుమారు 200 మంది మిత్రపక్ష సైనికులు తప్పించుకోవడానికి తోడ్పడిన ఆ బ్రిటిష్ నర్సును 1915 అక్టోబర్ 12న జర్మన్లు కాల్చి చంపారు. ఆ డిసెంబర్‌లోనే పుట్టిన ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్‌కు ఆ పేరు పెట్టింది కావెల్ స్మృతిలోనే.

ఇట్లు,
మీ పాఠకురాలు