తిన్నారో లేదో ఎవరు రాస్తున్నారు?

సంపాదకులకు,

చిత్తూరులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. తుంటి ఎముక విరిగిన మా అత్తగారితో గత నెల తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో 11 రోజులు ఉన్నాను. ఆమె ఎముకల గూడులా ఉన్నా ఒక్కసారీ బరువు చూడలేదు. చేయి అందని బల్ల మీద పెట్టిన అన్నం అలాగే వెనక్కి వెళ్లేది.

పక్క మంచంలో ఉన్న భారీకాయురాలికి కదలకుండా పడుకోవడంతో వీపు కింద పుండు పడింది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, నిజమే. కానీ రాత్రి వార్డంతటికీ ఒక్క నర్సు! ఆ అమ్మాయి ఒంటరిగా ఎలా తిప్పగలదు? ఉద్యోగంలో అలా తిప్పే నా నడుము పోయింది. లావుగా ఉన్నారని ఆమె తిండి ఎవరూ పట్టించుకోలేదు. పుండు మానాలంటే మాంసకృత్తులు ఆమెకూ కావాలి.

ఆసుపత్రి అధికారులకు నా విన్నపం: చేరిన రోజే బరువు, పూటపూటా తిన్నది రాయించండి. రాత్రిపూట ఇద్దరు నర్సులను వేయండి.

– ఒక విశ్రాంత నర్సు, తిరుపతి