ఫిబ్రవరి నుంచి మే వరకు రిపేరైన స్పెక్ట్రమ్‌లు వెనక్కి పంపండి: చిప్పులు మేమే మారుస్తాం

నమస్కారం. ముందు అసలు విషయం. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా మా రిపేరు షాపులో కింది ర్యామ్ మార్పించుకున్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లు (1980ల నాటి ఇంటి కంప్యూటర్లు) పదకొండు. వాటిలో నాలుగు ఇప్పటికే తిరిగొచ్చాయి. తప్పు మెషీన్లది కాదు, వాడినవాళ్లది కాదు. మేము వేసిన 4116 అనే ర్యామ్ చిప్పులది. పదకొండింటికీ చిప్పులు ఉచితంగా మారుస్తాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. బిల్లులో ‘కింది ర్యామ్’ అని ఉంటే మీ మెషీన్ ఆ జాబితాలో ఉన్నట్టే. బిల్లు పోయినా ఫర్వాలేదు, ఏ బోర్డులో ఏం వేశామో మా పుస్తకంలో రాసి ఉంది.

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్తాం. 48కే (48 కిలోబైట్ల) స్పెక్ట్రమ్‌లో ర్యామ్ రెండు ముక్కలు. పై 32కే వేరే చిప్పుల్లో ఉంటుంది. కింది 16కే మాత్రం ఎనిమిది 4116 చిప్పుల్లో, బోర్డు మీద ఐసీ6 నుంచి ఐసీ13 దాకా. ఒక్కో చిప్పుది ఒక్కో బిట్. తెర మీద కనిపించే బొమ్మ కూడా ఈ 16కేలోనే ఉంటుంది కాబట్టి ఒక్క చిప్పు తేడా చేసినా వెంటనే కంటికి తెలుస్తుంది. 4116ల తయారీ ఆగి దశాబ్దాలైంది. ఇప్పుడు దొరికేవి పాత గోదాముల్లో మిగిలిన సరుకో, పాత బోర్డుల నుంచి ఊడదీసినవో. స్పెక్ట్రమ్‌కి 150 నానోసెకండ్లలో జవాబిచ్చే రకం కావాలి. మేము కొన్న లాట్ మీద ఆ అంకే అచ్చయి ఉంది.

తిరిగొచ్చిన బోర్డులోంచి తీసిన ఒక చిప్పును అసిటోన్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాం. దూది నల్లబడింది, చిప్పు మీది అక్షరాలు పోయాయి, వాటి కింద సానపట్టిన సన్నటి గీతలు బయటపడ్డాయి. ఒకటో కాలిని గుర్తుపట్టడానికి ఉండే చిన్న గుంతలో రంగు గడ్డకట్టి ఉంది. కాళ్లు ఒంటికి అతుక్కునే చోట పాత టంకం చారలు. అంటే ఏవో పాత బోర్డుల నుంచి తీసిన నెమ్మది రకం చిప్పుల పైభాగం గీకి, రంగేసి, 150 అని కొత్తగా అచ్చు కొట్టారన్నమాట.

ఇలాంటి చిప్పులు చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తాయి. వేడెక్కేకొద్దీ లోపలి ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి, అడిగిన సమయానికి జవాబు ఇవ్వలేవు. మేము ఏసీ గదిలో ఇరవై నిమిషాలు పరీక్షించి ప్యాక్ చేసేవాళ్లం. అదే మెషీన్ మే నెలలో విజయవాడలో ఓ మామూలు గదిలో గంట నడిస్తే తెర మీద చుక్కలు లేచి ఆగిపోతుంది. మా పరీక్ష చాలలేదు. ఆ బాధ్యత మాదే.

మీ మెషీన్ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్పెక్ట్రమ్‌కి కరెంటు ఇవ్వగానే నల్లటి తెర మీద సన్నటి ఎర్ర నిలువు గీతలు ఒక్క క్షణం కనిపిస్తాయి. చాలామంది వాటిని గమనించరు కానీ రోగం తెలిసేది అక్కడే. లోపలి రోమ్ (మెషీన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ ఉండే చిప్పు) ముందుగా ర్యామ్‌లోని ప్రతి గడిలో 2 అనే అంకె రాస్తుంది. ఆ 2 చుక్కల రూపంలో ప్రతి ఎనిమిది చుక్కలకు ఒకటి వెలిగిస్తుంది, రంగు రూపంలో నలుపు మీద ఎరుపు అవుతుంది. అందుకే ఎర్ర గీతలు. తర్వాత ఒక్కో గడిలోంచి ఒకటి చొప్పున రెండుసార్లు తీసేసి సున్నా వచ్చిందా అని చూస్తుంది. గీతలు మాయమవుతాయి, మొత్తం రెండు సెకన్లలోపే తెర తెల్లబడి అడుగున 1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్ అనే వరుస వస్తుంది.

గీతలు ఎర్రగా కాక మెజెంటా రంగులో, రెండింతల లావుగా వస్తే ఐసీ6 ఎప్పుడూ 1 దగ్గరే ఇరుక్కుందని అర్థం: 2కి 1 కలిసి 3 అయింది. పసుపు రంగులో లావుగా వస్తే ఐసీ8: 2కి 4 కలిసి 6 అయింది. గీతలే రాకపోతే ఐసీ7 మీద అనుమానపడాలి కానీ దానికి వేరే కారణాలూ ఉంటాయి. ఈ చూపు చల్లటి మెషీన్‌కి ఒకసారి, గంటసేపు నడిపాక ఇంకోసారి చేయండి. స్విచ్ ఉండదు కదా, ప్లగ్గు తీసి పది సెకన్లు ఆగి మళ్లీ పెట్టండి. రెండోసారి రంగు మారినా, తెర మీద అక్కడక్కడ రంగు గళ్లు పడినా ఆ మెషీన్‌ను ఇక వాడకుండా మాకు పంపండి. బాగానే ఉన్నా సరే పంపమనే మా సలహా, ఎందుకంటే ఈ చిప్పులు వచ్చే ఎండాకాలం దాకా మోసం చేయకుండా ఉంటాయని మేము హామీ ఇవ్వలేం.

పై 32కే సంగతి వేరే తెలుస్తుంది. పీ నొక్కితే ప్రింట్ వస్తుంది. తర్వాత క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ రెండూ కలిపి నొక్కి వదిలి ఓ నొక్కితే పీక్ వస్తుంది. అలా ‘ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కూడిక గుర్తు సింబల్ షిఫ్ట్‌తో కే, నక్షత్రం సింబల్ షిఫ్ట్‌తో బీ. జవాబు 65535 అయితే పూర్తి 48కే ఉంది. 32767 అయితే పై ర్యామ్ మెషీన్‌కి కనిపించడం లేదు. అది ఈ ఉచిత మార్పిడిలోకి రాదు, మామూలు రిపేరు.

ఇక్కడి నుంచి మా పని పద్ధతి మారింది, అందుకే రోజులు పెరిగాయి. ఇంతకుముందు రెండు వారాలన్నాం, ఇప్పుడు ఐదు వారాలు పడుతోంది. ఇకమీదట ఏ మెషీన్‌కీ రాగానే కరెంటు ఇవ్వం. కారణం 4116 చిప్పు స్వభావం. దానికి మూడు వోల్టేజీలు కావాలి: ఒకటో కాలికి మైనస్ 5, ఎనిమిదో కాలికి 12, తొమ్మిదో కాలికి 5. పదహారోది గ్రౌండ్. మైనస్ 5 లేకుండా 12 మాత్రం అందితే చిప్పు కాలిపోతుంది. ‘ఆన్ అవుతుందేమో చూద్దాం’ అని అడాప్టర్ పెట్టడంతోనే బతికున్న చిప్పులు చాలా పోతాయి. అటక మీంచి దించిన మెషీన్‌ను దయచేసి ఇంట్లో ఆన్ చేసి చూడకండి, అలాగే పంపండి.

మా బల్ల మీద ముందు మల్టీమీటర్‌తో మూడు లైన్లకూ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉందేమో చూస్తాం. తర్వాత టీఆర్4, టీఆర్5 అనే రెండు ట్రాన్సిస్టర్లు, వాటి పక్కన ఉండే కాయిల్. 12, మైనస్ 5 పుట్టేది ఇక్కడే. వెనక ఎడ్జ్ కనెక్టర్‌కి కరెంటు ఉండగానే జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ పెట్టినా తీసినా కాంటాక్టులు పక్కవాటికి తగిలి మొదట పోయేది టీఆర్4, దాని వెంట కింది ర్యామ్. కాయిల్ తీగ మీది వార్నిష్ నల్లబడి ఉంటే అదీ మార్చాల్సిందే. టీఆర్4 అసలు నంబర్ జెడ్‌టీఎక్స్650, రెండు ఆంపియర్లు తట్టుకునేది. కొందరు మెకానిక్కులు దాని బదులు చేతికందిన బీసీ547 వేస్తారు. దాని స్తోమత 100 మిల్లీఆంపియర్లే. నిమిషాల్లో పోతుంది, పోతూ ర్యామ్‌ను కూడా తీసుకుపోతుంది. కెపాసిటర్లు, సాకెట్లు, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్లు కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో దొరుకుతాయి కానీ ఈ ట్రాన్సిస్టర్లు మేము బయటి దేశం నుంచే తెప్పిస్తున్నాం. ఆలస్యంలో కొంత భాగం దానిది.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మారుస్తాం. ఎక్కువ 22 మైక్రోఫారడ్, మిగతావి 1, 4.7, 100. పాతది తీసేముందు దాని ప్లస్ వైపు ఫొటో తీసుకుంటాం. మూడు వోల్టేజీలూ సరిగ్గా నిలబడ్డాకే ర్యామ్ జోలికి వెళ్తాం.

ఎనిమిది చిప్పులంటే 128 రంధ్రాలు. ఈ బోర్డుల రాగి బాటలు పల్చన, చిప్పును పట్టి లాగితే ప్యాడ్ ఊడి చేతికొస్తుంది. అందుకే చచ్చిన చిప్పు కాళ్లు సన్న కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, ఒళ్లు తీసేసి, ఒక్కో కాలినీ విడిగా ఫ్లక్స్ వేసి 350 డిగ్రీల ఐరన్‌తో లాగుతాం. తర్వాత గుండ్రటి పిన్నుల సాకెట్ వేస్తాం. రేపు మళ్లీ చిప్పు మార్చాల్సొస్తే ఐరన్ పెట్టక్కర్లేదు.

ఇక సాకెట్లలో ఏం వేయాలన్నది మీరే ఎంచుకోండి. ఒకటి: అసిటోన్ పరీక్ష, టెస్టర్ పరీక్ష నెగ్గిన 4116లు. రెండు: ఎనిమిది చిప్పుల పనీ ఒక్కటే చేసే కొత్త మాడ్యూల్. దానికి 5 వోల్టులు చాలు, వేడి కూడా తక్కువ. పిల్లలతో కలిసి ఆడుకోవడానికైతే మాడ్యూల్ వేయించుకోండని గట్టిగా చెప్తాం. అసలు రూపం చెడకూడదనుకుంటే 4116లే వేస్తాం, మార్కెట్లో మంచివి దొరికినంత కాలం. ఏది వేసినా మూత బిగించి 45 డిగ్రీల పెట్టెలో నాలుగు గంటలు నడిపాకే పంపుతాం.

అడాప్టర్ గురించి ఒక మాట, ఎందుకంటే ఈ మధ్య వచ్చిన వాటిలో మూడు దానివల్లే పోయాయి. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టులు కావాలి, ప్లగ్గు నడిమి పిన్ను మైనస్. మన ఇళ్లలో ఉండే వైఫై రౌటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లకు నడిమి పిన్ను ప్లస్, చాలావాటిది 12 వోల్టులు. పిన్ను పడుతుంది కానీ మెషీన్ పోతుంది. ధ్రువం సరిచేసుకున్నా 12 పనికిరాదు. బోర్డు సుమారు 0.7 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 9 ఇస్తే 7805 మీద 2.8 వాట్ల వేడి, 12 ఇస్తే 4.9 వాట్లు. లోపలి చిన్న అల్యూమినియం రేకు అంత వేడిని మోయలేదు. గిటార్ పెడల్స్‌కి అమ్మే 9 వోల్టుల, నడిమి మైనస్ అడాప్టర్ కనీసం 1.5 ఆంపియర్లది అయితే సరిపోతుంది.

కీబోర్డు మెంబ్రేన్‌లు (మీటల కింద లైన్లు అచ్చేసిన ప్లాస్టిక్ పొరలు) మళ్లీ వచ్చాయి. పాత మెంబ్రేన్ నుంచి బోర్డులోకి దిగే రెండు పట్టీలు, ఒకటి ఐదు లైన్లది, ఒకటి ఎనిమిది లైన్లది, మడత దగ్గర ఎండి పెళుసెక్కుతాయి. మూత తెరవగానే విరిగేది అదే. ఒక లైన్ తెగితే ఒక్క మీట కాదు, ఐదో ఎనిమిదో మీటలు కలిసి పోతాయి. కాబట్టి వరుసగా కొన్ని అక్షరాలు పడకపోతే రబ్బరు మ్యాట్‌ను అనుమానించకండి. మీటల చుట్టూ పైన అతికించి ఉండే లోహపు రేకు తీయడం ఇంట్లో ప్రయత్నించవద్దు, జిగురు మెత్తబడకుండా ఎత్తితే రేకు వంగుతుంది, వంగిన రేకు మళ్లీ సాఫీగా రాదు.

టీవీ కోసం మాడ్యులేటర్‌ను (బొమ్మను యాంటెనా సిగ్నల్‌గా మార్చే పెట్టె) దాటించి కాంపోజిట్ వీడియో ఇస్తున్నాం, దీనికి వేరే డబ్బు లేదు. కొన్ని చవక ఏవీ–హెచ్‌డీఎంఐ కన్వర్టర్లు స్పెక్ట్రమ్ పంపే 312 వరుసల బొమ్మను ఒప్పుకోవు. తెర నీలంగా ఉండిపోతే ముందు కన్వర్టర్ మార్చి చూసి, అప్పుడు మాకు ఫోన్ చేయండి.

మేము చేయలేనిది ఒకటుంది. ఫెరాంటీ తయారుచేసిన, తెర మీది బొమ్మను నడిపే యూఎల్ఏ చిప్పు పోతే దాన్ని బాగుచేయడం కుదరదు. కొత్తగా తయారయ్యే బదులు చిప్పులు వేయగలం, ఖర్చు ముందే చెప్తాం, మీరు సరేననేదాకా మొదలుపెట్టం. 1980ల రెండో సగంలో మన దేశంలో డెసిబెల్స్ కంపెనీ అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌లు కూడా తీసుకుంటాం. వాటి కీబోర్డు వేరే రకం, దాని మెంబ్రేన్ ప్రస్తుతం రెండే ఉన్నాయి.

పంపేటప్పుడు మెషీన్‌ను బబుల్ షీట్‌లో రెండు చుట్లు చుట్టి, పెట్టెలో నాలుగు వైపులా రెండంగుళాల మందాన, ఖాళీ లేకుండా కాగితం కుక్కండి. అడాప్టర్ కూడా పంపండి కానీ మెషీన్‌కి తగలకుండా విడిగా చుట్టండి, దాని బరువుకే మీటల రేకు సొట్టపడి వచ్చినవి ఉన్నాయి. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేయండి. మార్పిడికి వచ్చేవాటిని మామూలు వరుసలో కలపం, అందిన వారంలోపే తిరిగి పంపుతాం.