రాసుకెళ్ళిన కాగితాలు మళ్ళీ ఆ ఊరికి చేరాలి
(విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కనిగిరి వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత కూడా నాదే. డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది అయ్యాక వేసవిలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు మెంటార్‌గా కూడా వెళ్తుంటాను. ఆ ప్రాజెక్టు గురించే ఈ ఉత్తరం.

రెండేళ్ళ కిందట మే నెలలో మా పిల్లలు నలుగురు ఒక ఊరి చివర కాలనీలో సర్వే కాగితాలు పట్టుకుని ఒక ముసలమ్మ అరుగు దగ్గర నిలబడ్డారు. ఇంట్లో ఎంతమంది, పొలం ఎంత, మరుగుదొడ్డి ఉందా, నీళ్ళు ఎక్కడివి అంటూ వరసగా అడుగుతున్నారు. ఆమె మూడో ప్రశ్నకే చెయ్యి అడ్డం పెట్టింది. "పోయినేడు గూడా ఎవరో పిల్లకాయలొచ్చి ఇయ్యే రాసుకుపోయారు గదమ్మా. రాసుకుపోయింది యాడ పెట్టారు? అది చూసి రాసుకోండి" అంది. పిల్లలు నా వంక చూశారు. నేనేం చెప్పను? పోయినేడు వచ్చినవాళ్ళూ మా కాలేజీ పిల్లలే. ఆ కాగితాలు మా స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నాయి.

2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు ఈ ప్రాజెక్టును అందరికీ తప్పనిసరి చేశారు. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊరి స్థితిగతుల సర్వే చేయాలి, అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, ఊళ్ళోవాళ్ళతో కలిసి పనిచేయాలి, చివర రిపోర్టు ఇవ్వాలి. ఆలోచన మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, ఎన్‌ఎస్‌ఎస్ మొదలైనప్పుడు దేశం మొత్తం మీద 37 యూనివర్సిటీలు, 40 వేలమంది విద్యార్థులు. ఇప్పటికీ అందులో ఇష్టమున్నవాళ్ళే పేరిస్తారు. ఈ ప్రాజెక్టు అలా కాదు, డిగ్రీలో చేరిన ప్రతి ఒక్కరూ చేయాల్సిందే. సేవను మార్కులకు ముడిపెట్టాక ఏమవుతుందో మీకు తెలియంది కాదు. పోయినేటి రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో జిరాక్స్ షాపుకి వెళ్ళి, పేరూ రోల్ నంబరూ మార్చుకుని స్పైరల్ బైండింగ్‌తో తిరిగొస్తుంది. లాగ్ బుక్కుల్లో చేతిరాతలు వేరైనా అక్షరదోషాలు ఒకటే ఉంటాయి. అలాంటివాటి మీద నేనూ సంతకాలు పెట్టాను. ఆ తప్పు పిల్లల మీదకు నెట్టను.

పిల్లలు దొంగపని చేయాలనుకుని చేయరు. ఎండాకాలంలో ఉపాధి హామీ పనులకు జనం తెల్లవారకముందే వెళ్ళిపోతారు. మా పిల్లలు ఎక్కే మొదటి బస్సు ఊరు చేరేసరికి సగం ఇళ్ళకు తాళాలే. పనికి పోయినవాళ్ళు పదకొండింటికి ఎండనపడి వచ్చి, కాసిన్ని నీళ్ళు పోసుకుని, ఇంత తిని నడుం వాలుస్తారు. ఆ వేళ తలుపు కొట్టి "మీ వార్షికాదాయం ఎంతండీ" అని అడగమంటే ఏ పిల్లకైనా నోరు రాదు. సాయంత్రం ఆరు తర్వాత ఊళ్ళో అందరూ దొరుకుతారు గానీ, ఆడపిల్లలు ఐదు గంటల బస్సు అందుకోవాలి. ఈ లెక్కన 180 గంటలు ఎలా నిండుతాయి? కాగితం మీదే నిండుతాయి.

అయినా కొన్ని నిజమైన పనులు జరిగాయి. ఒక బ్యాచ్ పిల్లలు ఆ ఊరి బోర్లన్నిటి నీళ్ళూ సీసాల్లో పట్టుకొచ్చి మా ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కిట్‌తో పరీక్షించారు. మా వైపు ఫ్లోరైడ్ కథ కొత్తది కాదు, గార పట్టిన పళ్ళు, వంగిన మోకాళ్ళు మా క్లాసుల్లోనే కనిపిస్తాయి. తాగే నీళ్ళలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు. కిట్‌లోని మందు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళు గులాబీ రంగులోనే ఉంటాయి, ఎక్కువైనకొద్దీ పసుపుకు తిరుగుతాయి. ఒక్కో సీసా వరసగా పెట్టుకుంటూ పోతుంటే కాలనీ బోరు నీళ్ళు మా కళ్ళముందే పసుపురంగుకు తిరిగాయి. ఆ కాలనీ నుంచే కాలేజీకి వచ్చే అమ్మాయి ఆ సీసాని ఎత్తి చూసి మళ్ళీ కింద పెట్టింది. ఏమీ అనలేదు.

పిల్లలు ఆ బోరు మీద ఎర్ర రంగుతో గీత గీద్దామన్నారు. నేను వద్దన్నాను. కిట్ పరీక్ష సరిపోదు, పెద్ద ల్యాబ్‌లో ధ్రువపడాలి, మనకు అధికారం లేదు అన్నాను. తాగొద్దని నోటిమాటగా చెప్పి వచ్చేశాం. రిపోర్టుకి మంచి గ్రేడు వచ్చింది. గ్రామీణ నీటి సరఫరా ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) గానీ, గ్రామ సచివాలయానికి గానీ ఒక్క కాపీ పోలేదు. పంపమని మాకెవరూ చెప్పలేదు, పంపాలని నాకూ తట్టలేదు. ముసలమ్మ అడిగాకే తట్టింది.

ఇంకో సంగతి. ఆ ఊళ్ళో తలుపులు తెరిపించింది నేను కాదు, మా ల్యాబ్ అటెండర్. ఆయనది పక్క ఊరే. "పెద్దమ్మా, మన పిల్లలేలే" అని ఆయన ఒక్క మాట అంటే మంచాలు వాల్చేవాళ్ళు. సెలవు రోజుల్లో సొంత బండి మీద, సొంత పెట్రోలుతో వచ్చాడు. మా లాగ్ బుక్‌లో ఆయన పేరు రాయడానికి గడే లేదు. పిల్లలైతే మొదట్లో "మేం వాలంటీర్లం" అని పరిచయం చేసుకునేవాళ్ళు. 2019 తర్వాత మా ఊళ్ళలో ఆ మాటకు పింఛను తెచ్చిచ్చే మనిషి అని అర్థం స్థిరపడింది. ఒక తాత గబగబా లోపలికి వెళ్ళి ఆధార్ కార్డు పట్టుకొచ్చాడు. ఆ రోజు నుంచి "కాలేజీ పిల్లలం" అని చెప్పుకోమన్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఏటా కొత్త సర్వే, కొత్త ప్రొఫార్మా వద్దు. ఒక కాలేజీకి ఒకటో రెండో ఊళ్ళు కనీసం ఐదేళ్ళపాటు అప్పగించండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో దత్తత గ్రామం అని ఎప్పటినుంచో అంటున్నది ఇదే. మొదటి బ్యాచ్ సర్వే చేయాలి, రెండో బ్యాచ్ ఆ సర్వే పట్టుకుని వెళ్ళి అందులో ఒక్క సమస్య వెంటపడాలి, తర్వాతి బ్యాచ్ అది ఏమైందో చూడాలి. ప్రతి రిపోర్టు సారం రెండు పేజీల్లో, వాడుక తెలుగులో, ఆ ఊరి గ్రామసభలో పిల్లలే చదవాలి. ఊళ్ళోవాళ్ళు అక్కడికక్కడే "ఇది తప్పు రాశారమ్మా" అంటారు గనక జిరాక్స్ షాపు రిపోర్టు అక్కడ నిలవదు. సంబంధిత శాఖకు కాపీ అందినట్టు రసీదు ఉంటేనే మార్కులు వేయమనండి.

ఆ 180 గంటలు ఎండాకాలంలోనే ఎందుకు? ఏడాది పొడవునా ఆదివారాలకూ పండగ సెలవులకూ పంచితే బస్సు బాధ, తాళాల బాధ సగం తీరతాయి. దారిఖర్చులు, అటెండర్ పెట్రోలుతో సహా, కాలేజీకి ఇప్పించండి. మెంటార్ వెళ్ళిన గంటలను వర్క్‌లోడ్‌లో కలపండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు, దీనిలో 180. ఇన్నేళ్ళుగా మేం లెక్కపెట్టింది గంటలే. బోర్లను లెక్కపెట్టే పని ఇప్పుడైనా మొదలుపెట్టనివ్వండి.

వచ్చే వేసవికి మా పిల్లలు ఆ కాలనీకే మళ్ళీ వెళ్తున్నారు. బీరువాలోని పాత ఫైళ్ళు వెంట తీసుకెళ్తాం. ముందు ఆ ముసలమ్మకు చదివి వినిపిస్తాం, తర్వాత నీళ్ళ ఫలితాలు ఏఈ ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకుంటాం. కొత్త సర్వే కాగితాలు మాత్రం ఈసారి నింపం. ఎందుకు నింపలేదని రేపు పైనుంచి మెమో వస్తే జవాబు మీదాకా వచ్చి చెప్పుకోవాలి గదా, అందుకే ముందుగా రాస్తున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు