మూడో ప్రమాద హెచ్చరిక

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా ఇంట్లో బెల్లు నొక్కితే పరాయి ఇంటికి మనుషులు వెళ్తున్న సంగతి, నాలుగు నెలలుగా దాని గురించి మీవాళ్ళెవరూ పలక్కపోవడం.

అయ్యా,

ఇది మీ కంపెనీకి నేను రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండూ మీదాకా వచ్చి ఉండవు. మొదటిది ఎక్కడుందో మాత్రం నాకు తెలుసు. కిందటి మంగళవారం ఎస్టేట్ ఆఫీసుకు వెళ్తే టీ ఫ్లాస్కు కింద కనిపించింది. బల్ల పాడవకుండా మడతపెట్టి వేశారు. నా సంతకం మీద గ్లాసు అడుగు మరక గుండ్రంగా, ఆఫీసు ముద్ర వేసినట్టు ఉంది. ఉత్తరం ముట్టిందనడానికి మీ కంపెనీ ఇంతవరకు ఇచ్చిన రసీదు అదొక్కటే.

నేను నీటిపారుదల శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా దగ్గర ఒక లెక్క ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే ఏటి మధ్య లంకల్లో వాళ్ళు పశువుల్ని విప్పుకుని గట్టెక్కిస్తారు. మీవాళ్ళు మాత్రం మొదటి హెచ్చరిక మీద ఫ్లాస్కు పెట్టుకున్నారు, రెండోదాన్ని ఏం చేశారో ఇంకా కనిపెట్టలేదు. కనుక దీన్ని మూడోదిగా చదువుకోండి.

అసలు సమస్య చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. గోల్ఫ్ కోర్సు చుట్టూ పెద్దవయసు వాళ్ళకోసం మీరు కట్టిన ఇళ్ళలో మాది 14వ నంబరు విల్లా. మంచం పక్కన, బాత్రూములో ఎర్రటి ఎమర్జెన్సీ బెల్లు పెట్టారు. అది నొక్కితే సెక్యూరిటీ గదిలో బోర్డు మీద 41 అని పడుతుంది. 41 వాళ్ళు నొక్కితే 14 అని పడుతుంది. నంబర్లు ఎక్కించినవాడు అంకెలు తిరగేశాడు, అంతే. ఆ గోడ వెనక ఏ తీగ ఉందో, ఏ మిషను ఉందో నాకు అనవసరం. కాలువ మీద తూముకు నంబరు తప్పు రాస్తే కాలువ చూసుకునే మా లస్కరు రంగుడబ్బా పట్టుకెళ్ళి గంటలో మార్చేసేవాడు. తప్పులు అందరూ చేస్తారు, ఆ తప్పును నేను ఆషాఢంలోనే క్షమించేశాను. ఆ ముక్క వినడానికి మీ కంపెనీలో ఒక్క చెవి దొరకలేదు చూశారా, దాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను.

ఆషాఢంలో ఒక సాయంత్రం, పనిచేస్తుందో లేదో చూద్దామని నొక్కాం. ఎవరూ రాలేదు. పావుగంటకు 41లో ఉండే మాస్టారు ఫోన్ చేసి, "ఏవండోయ్, మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళు చక్రాల కుర్చీ తోసుకొచ్చారు. నేను శుభ్రంగా పేపరు చదువుకుంటున్నాను. ఇదేం విడ్డూరం?" అన్నారు. అప్పుడు తెలిసింది.

గేటు దగ్గర కుర్రాడికి చెప్పాను. "ఆయ్, ఆఫీసులో చెప్తానండి" అన్నాడు. చెప్పాడు కూడా. ఈ కథ మొత్తంలో అన్న మాట నిలబెట్టుకున్నది వాడొక్కడే. వాడి జీతం పెంచండి.

ఆఫీసులో హెల్ప్ డెస్క్ అమ్మాయి కంప్యూటర్ మీంచి కళ్ళెత్తకుండా "యాప్‌లో రైజ్ చేయండి సార్" అంది. యాప్ తెరిస్తే ఫిర్యాదు ఏ రకమో ఎంచుకోమంది. ప్లంబింగ్, ఎలక్ట్రికల్, దోమలు, గోల్ఫ్. ఇంతే. "ప్రాణం మీదికొస్తే వీటిలో ఏది నొక్కాలమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "గోల్ఫ్ పెట్టండి సార్, వాళ్ళు త్వరగా చూస్తారు" అంది. పెట్టాను. అబద్ధమెందుకు చెప్పాలి, త్వరగానే చూశారు. అరగంటలో టోపీ పెట్టుకున్న అబ్బాయి వచ్చి "ఏ హోల్ దగ్గర సార్ ప్రాబ్లం?" అన్నాడు. బాత్రూము చూపించాను. గుమ్మంలోనే నిలబడి, బెల్లు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఒక్కటి ఇచ్చాను. మీ అభిమానానికి ధన్యవాదాలు అన్నారు.

ఇక మీ కాల్ సెంటర్. కొత్తగా విల్లా కొనేవాళ్ళు ఒకటి, ఇక్కడ ఉంటున్నవాళ్ళు మూడు నొక్కాలి. మూడు నొక్కితే వేణువు మోగుతుంది. బాగానే వాయించాడు, కాదనను. 22 నిమిషాలు విన్నాక ఎవరో ఎత్తి "హలో" అన్నారు, లైను తెగిపోయింది. మళ్ళీ మొదట్నుంచీ వేణువు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్ళు చాలనప్పుడు మేమూ వంతులు పెట్టేవాళ్ళం. రైతులు తిట్టుకునేవారు గానీ వంతు వచ్చిన రోజు బోదెలో నీళ్ళు కనిపించేవి. మీ దగ్గర వంతు వస్తే కాలువే కట్టేస్తారు.

విసుగెత్తి ఒకరోజు ఒకటి నొక్కాను. ఒక్క రింగు! "గుడ్ మార్నింగ్ సార్, లేక్ ఫేసింగ్ చూస్తున్నారా, గోల్ఫ్ ఫేసింగ్ చూస్తున్నారా?" అమృతం ఒలికే గొంతు. నేను కొనేశానమ్మా, 14లో ఉంటున్నాను, బెల్లు... అనేలోపే ఆ గొంతులో అమృతం ఆవిరైపోయింది. "మూడు నొక్కండి సార్." ఆ రోజు మొదలు వారానికి రెండుసార్లు నాకు విల్లా అమ్ముతామని ఫోన్లు వస్తున్నాయి. నా నంబరు మీ దగ్గర భద్రంగా ఉందన్నమాట, సంతోషం.

ఎస్టేట్ మేనేజరు గారిని ఇంతవరకు చూడలేదు. ఎప్పుడు వెళ్ళినా రౌండ్స్‌లో ఉన్నారంటారు. నేనూ రోజూ పొద్దున, సాయంత్రం నడుస్తాను, ఆ చెరువు చుట్టూ ఆయన ఒక్కసారీ ఎదురుపడలేదు. ఆయన కింద పనిచేసే ఆయన మాత్రం ప్రతిసారీ "ఎస్కలేట్ చేశాం సార్" అంటాడు. అంటే ఏమిటని అడిగితే పైకి పంపడమట. ఎంత పైకి అని అడిగాను. నవ్వాడు.

ఇదంతా సరదాగా చెప్పుకునే ముచ్చటగా మిగిలిపోయేది, వరలక్ష్మీ వ్రతం నాటి రాత్రి లేకపోతే. మా ఆవిడకు షుగరు. మాత్రలు వేసుకుని, పూజయ్యేదాకా అంటూ పొద్దుపోయేదాకా ఏమీ తినలేదు, రాత్రి కూడా ఏదో తిన్నాననిపించి పడుకుంది. రెండు గంటలప్పుడు బాత్రూములో కూలబడింది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. నాకు మోకాళ్ళు, ఒక్కణ్ణే లేపలేను. అలవాటు చొప్పున బెల్లు నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది, అది మా బెల్లు కాదని. స్పృహలోనే ఉంది గనక పంచదార నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. గేటుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన ఇద్దరూ 41కి పరిగెత్తారు కదా.

అక్కడ మాస్టారిని నిద్రలేపి, "నాకేం కాలేదురా బాబూ" అంటున్నా వినకుండా కుర్చీలో కూర్చోబెట్టారట. ఆయనకు వెలిగింది. ఆ కుర్చీలోంచి లేచి, బనీను మీద తువ్వాలు వేసుకుని, టార్చిలైటు పట్టుకుని ముందు ఆయన, వెనక ఖాళీ కుర్చీ తోసుకుంటూ వాళ్ళిద్దరు మా ఇంటికి వచ్చారు. అప్పటికి 25 నిమిషాలు. ఆ వెలుతురు కిటికీ మీద పడ్డప్పుడు మా ఆవిడ నా చెయ్యి వదిలింది. అందాకా గోళ్ళు దిగేలా పట్టుకునే ఉంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాను. ఎస్కలేట్ ఆయన రిజిస్టరు తిరగేసి ఏమన్నాడో వినండి. "రాత్రి మీ విల్లా నుంచి కాల్ ఏమీ లేదు సార్. 41 నుంచి వచ్చింది. మూడు నిమిషాల్లో అటెండ్ అయ్యాం." మీ రికార్డులో ఆ రాత్రి మా ఆవిడకు ఏమీ కాలేదు. మాస్టారికి అయింది, మీవాళ్ళు కాపాడేశారు.

1986 ఆగస్టు వరదప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు. ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేస్తూ ఉన్నాం. ఫోన్లు లేవు, కరెంటు లేదు. ఆ చీకట్లో లాంతరు పట్టుకుని వెళ్ళి ఫలానా గట్టు కింద ఫలానా ఇల్లు అని వెతికి మరీ తలుపు తట్టాం. ఒక ఇంటికి వెళ్ళాల్సిన కబురు ఇంకో ఇంటికి వెళ్ళలేదు. మీకు కెమెరాలున్నాయి, కంప్యూటర్లున్నాయి.

మమ్మల్ని ఎలా తెచ్చారో కూడా గుర్తు చేయాలి. మీ సేల్స్ అబ్బాయి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆరిజోనా కథ చెప్పాడు. 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే బిల్డరు ఎడారిలో సన్ సిటీ తెరిచాడని, గోల్ఫ్ కోర్సు చుట్టూ పెద్దవయసు వాళ్ళకు ఇళ్ళు కట్టాడని, మొదటి మూడు రోజుల్లోనే లక్షమంది చూడ్డానికి వచ్చారని. మా అమ్మాయి ఫీనిక్స్ దగ్గరే ఉంటుంది, ఆ ఊరు నేను చూశాను. ముసలమ్మలు గోల్ఫ్ బండి నడుపుకుంటూ రోడ్డు మీద కూరగాయలకు వెళ్తున్నారు. ముచ్చటేసింది. భీమవరానికి అరగంట దూరంలో అలాంటిదే అంటే, ఊళ్ళో పెంకుటిల్లు అమ్మి మరీ వచ్చాం. మీరు లేక్ అన్నది నిన్నమొన్నటిదాకా చేపల చెరువని నాకు తెలుసు, నేను ఏమీ అనలేదు. ఇప్పుడనిపిస్తోంది, అది ఇంగ్లీషు లేక్ కాదేమో, తెలుగు లేకేమో. పలికే దిక్కు లేక, అడిగే నాథుడు లేక.

మొదటి పదిమందిలో మేమున్నాం. మా చుట్టాల్లో, స్నేహితుల్లో నాలుగు కుటుంబాలను నేనే తీసుకొచ్చాను, కమీషను తీసుకోలేదు. హైవే మీద మీ పెద్ద బోర్డులో తెల్ల టోపీ పెట్టుకుని, గోల్ఫ్ కర్ర పట్టుకుని నవ్వుతున్నది నేనే. ఆ కర్ర ఎటు పట్టుకోవాలో కూడా నాకు తెలియదు, మీ ఫొటోగ్రాఫరు చెయ్యి పట్టుకుని చూపించాడు. పక్కన జరీచీరలో మా ఆవిడ. బోర్డు మీద మేం దొరికాం గానీ బోర్డు కింద మాత్రం దొరకడం లేదు మీకు.

ఇంకో మాట, ఉద్యోగం అలవాటు కొద్దీ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కూడా మీ తొమ్మిది హోళ్ళ గడ్డి పచ్చగా ఉంది. చెరువులోంచి తోడారు. గడ్డి కోసం అర్ధరాత్రి మోటారు దగ్గర మనిషిని కాపలా పెట్టారు. శివారు రైతు గట్టు మీదికొచ్చి నీళ్ళు రాలేదంటే మేం సైకిలేసుకుని వెళ్ళేవాళ్ళం. కొన్నిసార్లు ఇవ్వడానికి నీళ్ళు ఉండేవి కావు. వెళ్ళి ఆ మాటే చెప్పేవాళ్ళం.

అంకెలు మార్చండి. అది ఎలాగూ చేయాలి. ఇప్పుడు అది ఒక్కటీ సరిపోదు. ఎస్టేట్ మేనేజరు గారు రౌండ్స్‌లోంచి దిగివచ్చి మాస్టారికి క్షమాపణ చెప్పాలి, మాకు తర్వాత. వరలక్ష్మీ వ్రతం రోజు రిజిస్టరు సరిదిద్ది కాపీ ఇవ్వాలి. ఈ నాలుగు నెలల మెయింటెనెన్స్ డబ్బు తిరిగి ఇవ్వాలి. నాకు వద్దు, రాత్రి కాపలా కుర్రాళ్ళకు ఇవ్వండి, రెండిళ్ళు పరిగెత్తుతున్నారు. బోర్డు మీద మా ఫొటో దించాలి. అన్నిటికంటే ముందు, కింద మనిషి పేరున్న జవాబు ఒకటి రావాలి.

తాళాలిచ్చి 19 నెలలే అయింది. ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళ కోసం పెట్టిన 2016 రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్ళలోపు సేవల్లో లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీవాళ్ళ అలవాటు తెలుసు గనక చెబుతున్నాను, తిరగేసి 41వ సెక్షన్ చూడకండి, అది కేంద్ర సలహా మండలి గురించి. వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ వకీలు లేకుండా నేనే మాట్లాడుకోవచ్చు. 34 ఏళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి, తేదీలతో సహా అన్నీ ఉన్నాయి, టీ మరక ఫొటోతో సహా.

కానీ అవన్నీ నెలలు పట్టే పనులు. వచ్చే ఆదివారం కార్తీక వనభోజనాలని పేపర్లో వేశారు. కొనేవాళ్ళను మూడు బస్సుల్లో తెస్తున్నారట, ఉసిరిచెట్టు కింద విందట. భోజనాలయ్యాక బోర్డు మీద టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఇల్లు ఇదేనని నేనే వాళ్ళను మా ఇంటికి పిలుచుకొస్తాను. ఎవరో ఒకరిని బెల్లు నొక్కమంటాను. తర్వాత అందరం కలిసి చెరువు గట్టు మీదుగా నడుచుకుంటూ 41కి వెళ్తాం. మీ చక్రాల కుర్చీ అప్పటికి అక్కడే ఉంటుంది. మాస్టారి ఇంట్లో అందరికీ మజ్జిగ, ఆత్రేయపురం పూతరేకులు సిద్ధంగా ఉంటాయి. మాట్లాడుకున్నాం.

ఇట్లు,
విల్లా నంబరు 14
(మీ రికార్డుల ప్రకారం 41)

తా.క.: జవాబు రాస్తే 41కే పంపండి. మాస్టారు టార్చిలైటు వేసుకుని తెచ్చిస్తారు.