రింగ్‌గోల్డ్ బొంతల్లో అసలు పని

సంపాదకులకు,

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1930లో పుట్టిన నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ గురించి మీ ఆదివారం అనుబంధంలో రాసినందుకు సంతోషం. అయితే ఆమె బొంతలను ఎంబ్రాయిడరీ అన్నారు. ఆమె బొంత ‘టార్ బీచ్’ (1988)లో బొమ్మంతా కాన్వాసు మీద అక్రిలిక్ రంగులతో వేసిందే. చెక్క ఫ్రేముకు బిగించని ఆ కాన్వాసు చుట్టూ పూల గుడ్డ ముక్కలు జతచేసి, పొరలన్నీ కలిపి కుట్టారు. పైనా కిందా పట్టీల మీద కథ రాశారు.

1972లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో టిబెట్ థంకాలు (గుడ్డ మీద వేసి, చుట్టిపెట్టే బౌద్ధ చిత్రాలు) చూశాక ఆమె ఫ్రేములు వదిలేశారు. గుడ్డ మీది బొమ్మను చుట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. తొలి బొంతను 1980లో దుస్తుల డిజైనరైన తల్లి విల్లీ పోసీతో కలిసి చేశారు. బానిసత్వంలో బతికిన వాళ్ల పూర్వీకురాలు ఒకామె కూడా బొంతలు కుట్టినావిడే. ఆత్మకథ అచ్చువేసేవారు దొరక్క, 1983 నుంచి కథల్ని బొంతలకే ఎక్కించారు.

ఈ పద్ధతి పట్టే విద్యార్థులు నూనె రంగుల జోలికి పోవద్దు. అడుగుపూత లేకపోతే నూనె నూలును తినేస్తుంది. అక్రిలిక్ అయినా పల్చగా వేయాలి. మందమైతే సూది దిగదు, దిగినచోట పడ్డ చిల్లు మళ్లీ పూడదు. కుట్టు విప్పారా, మచ్చ ఖాయం. మడతపెడితే రంగు పగులుతుంది, చలికాలంలో మరీను. చుట్టేటప్పుడు బొమ్మ బయటివైపే ఉండాలి. లోపలికి చుడితే రంగు నలిగి ముడతలు తేలుతుంది.

అన్నట్టు, మీరు వేసిన ఫొటోలో రాత పట్టీలు కత్తిరించేశారు. ఈసారి పూర్తిగా వేయండి.

ఇట్లు,
ఒక చిత్రకళా ఉపాధ్యాయిని, విజయవాడ