మా దోస్తును ఇంటికి చేర్చిన అందరికీ దండాలు

దుబాయ్‌లో కూలీలు ఉండే సోనాపూర్ క్యాంపులో నాతో ఒకే గదిలో ఉన్న నా ప్రాణ స్నేహితుడు నిద్రలోనే గుండెపోటుతో పోయాడు. జగిత్యాల జిల్లాలోని సొంతూళ్లో దహనం, పదకొండో రోజు కార్యం అన్నీ పద్ధతిగా జరిగాయి. సాయం చేసిన అందరికీ నాలుగు మాటలు రాయమని వాడి భార్య, మా వదిన అడిగింది. పేర్లు మాత్రం వద్దంది.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఎయిర్‌పోర్టు నుంచి పెట్టె రావడం ఒక్కటే కనిపిస్తుంది. అంతకుముందు పోలీసుల క్లియరెన్సు రావాలి. డెత్ సర్టిఫికెట్, ఇంటివాళ్ల అంగీకార పత్రం, కంపెనీ లెటర్, వీసా క్యాన్సిలేషన్ కావాలి. మన కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు చేయించి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. శరీరం పాడవకుండా ఎంబామింగ్ చేశాకే కార్గోలో పంపుతారు. ఒక కాగితంలో పేరు ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే పని అక్కడే ఆగుతుంది.

మా పని ఆగలేదు. అది కూడా వాడి చలవే. క్యాంపుకు కొత్తగా వచ్చిన ప్రతి పిల్లగాడికీ మొదట చెప్పే మాట, "పాస్‌పోర్టు, వీసా, ఐడీ కార్డు ఫొటోలు తీసి ఇంటికి పంపు తమ్మీ" అని. తనవీ అట్లనే వదిన ఫోన్‌కు పంపి పెట్టాడు. అడగ్గానే అన్నీ దొరికాయి.

వాడు షట్టరింగ్ కార్పెంటర్, కాంక్రీటు పోయడానికి అచ్చులు బిగించే పని. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ టైంలో మేమంతా నీడ చూసుకొని నడుం వాల్చేవాళ్లం. వాడేమో కొత్తవాళ్లను కూర్చోబెట్టుకొని, ఫోర్‌మన్‌తో హిందీలో ఎట్లా మాట్లాడాలో నేర్పేవాడు. జీతం స్లిప్పులో ఓటీ (ఓవర్‌టైం) గంటలు ఎక్కడ చూడాలో చూపించేవాడు. ఎవరి ఇంటి నుంచైనా చెడ్డ వార్త వస్తే ఆ రాత్రి వాళ్ల మంచం పక్కనే కూర్చునేవాడు. సెలవు రోజు సర్వపిండి చేస్తే బిహార్ తమ్ముళ్లు, పఠాన్ అన్నలు కూడా మా గదికి వచ్చేవాళ్లు.

అట్లా వచ్చి తిన్న పెషావర్ డ్రైవర్ అన్న డ్యూటీ అయ్యాక మమ్మల్ని ఆఫీసులన్నీ తిప్పాడు. డీజిల్ డబ్బులు ఇస్తే నా చేయి పట్టుకొని ఏడ్చాడు, తీసుకోలేదు. ఆ అన్నకు నా సలాం. కాగితాల పని మొత్తం దగ్గరుండి చూసుకున్న నిజామాబాద్ అన్నకు, అరబ్బీలో ఉన్నవి చదివి చెప్పిన కేరళ చేటన్‌కు, ఖర్చు భరించిన కంపెనీకి, కాన్సులేట్ సిబ్బందికి కృతజ్ఞతలు. శంషాబాద్ నుంచి ఊరి దాకా రాష్ట్ర ప్రభుత్వమే ఉచితంగా అంబులెన్సు పంపింది. దాని డ్రైవర్ తమ్ముడు రాత్రంతా నడిపి, దహనం అయ్యేదాకా మాతోనే నిలబడ్డాడు.

క్యాంపుల్లో వేసిన చందాల లెక్క గ్రూపులో పెట్టాను. కొంత వాడి చిన్నపాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతాలో వేశాం. మిగిలింది వదిన చేతికే ఇచ్చాం. వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి ఇక వద్దన్న ఊరి పెద్దమనిషికి ప్రత్యేకంగా దండాలు.

విదేశాలకు పనికి పోయేవాళ్లకు ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో పది లక్షలు ప్రమాద మరణానికే వస్తాయి, గుండెపోటుకు రావు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షల కోసం కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. అది రాసిపెట్టిన మా ఊరి సార్‌కు కూడా కృతజ్ఞతలు. ఇలాంటి కష్టం ఏ ఇంటికీ రావద్దు. ఒకవేళ వస్తే నాకు మెసేజ్ పెట్టండి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్తాను, వీలైతే వెంట వస్తాను. వాడుంటే అదే చేసేవాడు.