గీతలు గీసే లెక్కలు జనానికి చూపించాలి

సంపాదకుడు గారికి,

నియోజకవర్గాల పునర్విభజన మీద ఇండియాలో ఇంత చర్చ నడుస్తోంది కాబట్టి, మేముండే నార్త్ కరోలినాలో ఆ పని ఎలా జరుగుతోందో మన పాఠకులకు చెప్పాలనిపించింది.

ఇక్కడ గీతలు గీసేది శాసనసభే. అంటే మెజారిటీ ఉన్న పార్టీ. ఈ విషయంలో గవర్నర్‌కు వీటో కూడా లేదు. 2022లో కోర్టు ఖరారు చేసిన మ్యాపుతో ఎన్నికలు జరిగితే 14 కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీట్లలో రెండు పార్టీలకూ చెరి ఏడు వచ్చాయి. తర్వాత, జడ్జీలను కూడా ఓటర్లే ఎన్నుకునే రాష్ట్ర సుప్రీంకోర్టులో పార్టీల బలాబలాలు మారాయి, పార్టీ లాభం కోసం మ్యాపులు గీయకూడదన్న పాత తీర్పు పోయింది, సభ కొత్త మ్యాపు గీసింది. 2024లో రిపబ్లికన్లకు 10, డెమొక్రాట్లకు 4. అదే రోజు ఈ రాష్ట్ర ఓటర్లే గవర్నర్‌గా డెమొక్రాట్‌ను గెలిపించారు! అదీ చాలక, రిపబ్లికన్లకు పదకొండో సీటు కూడా రావాలని 2025 అక్టోబరులో మళ్లీ గీశారు. డెమొక్రాట్లూ తక్కువేం కాదు. వాళ్ల సభ 1992లో గీసిన 12వ నియోజకవర్గం హైవే వెంట పాములా సాగింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది దాపరికం. ఏ ప్రిసింక్ట్‌లో (మన బూత్ లాంటిది) ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో కంప్యూటర్లో పెట్టుకుంటే, ఏ వీధిని ఎటు కలిపితే ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతుంది. 2016 మ్యాపు గీసిన థామస్ హోఫెలర్ 2018లో చనిపోయారు. ఆయన హార్డ్ డ్రైవులు కూతురి చేతికొచ్చి, అక్కడి నుంచి కోర్టుకు చేరాకే లోపలి సంగతులు బయటపడ్డాయి. ఆ మ్యాపులో గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే ఏ అండ్ టీ యూనివర్సిటీ క్యాంపస్‌ మధ్యలోంచే గీత పోయింది. ఇంత జరిగాక కూడా, మ్యాపుల తయారీ కాగితాలను జనానికి అందుబాటులో ఉంచాలన్న నిబంధనను 2023 బడ్జెట్ చట్టంతో ఎత్తేశారు. పార్టీ లాభం కోసం గీసిన మ్యాపుల్లో ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోలేవని అమెరికా సుప్రీంకోర్టు 2019లోనే తేల్చేసింది. ఇక మిగిలింది ఓటర్లే.

ఇండియాలో ఈ పని సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నవారో, చేసినవారో అధ్యక్షత వహించే డీలిమిటేషన్ కమిషన్‌ది. ఎంపీలు, ఎమ్మెల్యేలు అందులో కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు లేదు. ఆ కట్టుబాటును ఎవరు సడలించబోయినా ఒప్పుకోవద్దు.

కేరీ, మోరిస్‌విల్‌లలో పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లకు ఒక మనవి. మీ ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థి ఏ పార్టీవారైనా సరే రెండు మాటలు అడగండి: మ్యాపుల తయారీ కాగితాలు మళ్లీ బయటపెట్టిస్తారా? గీతలు గీసే పని స్వతంత్ర కమిషన్‌కు అప్పగించే బిల్లుకు ఓటేస్తారా?

– ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరోలినా